రంగు చివరి పని

పాత సైకిలును బాగుచేయాలని అనుకోగానే చాలామంది ముందుగా కొనేది రంగు డబ్బా. పొరపాటు అక్కడే మొదలవుతుంది. గొడ్ల కొట్టంలోనో, మిద్దె మీద ఒక మూలనో ఏళ్ల తరబడి పడి ఉన్న సైకిలును పైపైన ఉప్పు కాగితంతో రుద్ది, ఒక పూట ఎండలో నిలబెట్టి, ఎర్రరంగో నల్లరంగో కొట్టేస్తే అది కొద్ది రోజులు మెరుస్తుంది. ఒక్క వానాకాలం దాటేసరికి రంగు మీద పొక్కులు లేస్తాయి, పొక్కుల కింది నుంచి జంగు కారుతుంది. అప్పుడు తప్పంతా సైకిలు మీదికో, రంగు కంపెనీ మీదికో పోతుంది. నిజానికి తప్పు పనుల వరుసలో ఉంది. సైకిలుకు రంగు అందం కోసమే అయితే ఎప్పుడు వేసినా ఒకటే. కానీ రంగు అసలు పని ఇనుమును నీటికీ గాలికీ అందకుండా కాపాడటం. అలా చూస్తే అది చివరి పని అవుతుంది. బండి కదలడం, ఆగడం మొదటి పనులవుతాయి. ఈ వరుస తప్పకపోతే వికారాబాద్‌లోనైనా, తాండూరులోనైనా, ఇంటి అరుగు మీద కూర్చుని సాధారణ గృహస్థు ఎవరైనా ఈ పని చేసుకోవచ్చు. చేసుకోవాలి కూడా అని నా వాదన.

ఇంత ధీమాగా చెప్పడానికి కారణం ఆ సైకిలు తయారైన తీరు. మన ఊళ్లలో మిగిలిన పాత సైకిళ్లలో ఎక్కువ భాగం ఒకే వంశానివి. 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు, వెనక బరువైన క్యారేజీ, దాని కింద రెండు కాళ్ల స్టాండు. నమూనా ఇంగ్లండుది, తయారీ మనది. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్ ఏర్పడి హెర్క్యులిస్, ఫిలిప్స్, బీఎస్‌ఏ పేర్లతో బళ్లు తెచ్చింది. 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. అసన్‌సోల్‌లో సెన్ ర్యాలీ ఉండేది. పేరుపలకలు వేరైనా కొలతలు చాలావరకు ఒకటే. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. ఒక కంపెనీ పెడల్ ఇంకో కంపెనీ క్రాంకుకు పడుతుంది, ఒకరి చెయిన్ ఇంకొకరి పళ్లచక్రం మీద తిరుగుతుంది. ఫ్రేము గొట్టాలను కీళ్ల దగ్గర ఇత్తడితో అతికించారు. మిగతాదంతా నట్లు, బోల్టులు, బేరింగు గుండ్లు. దాచిపెట్టిన భాగం ఒక్కటీ లేదు, కంపెనీ మనిషి వస్తే తప్ప తెరుచుకోని పెట్టె లేదు. నాలుగు పానాలు, ఒక సుత్తి, ఒక స్క్రూడ్రైవరు ఉంటే మొత్తం బండిని నేల మీద పరచవచ్చు. ఈ రోజుల్లో ఇంట్లోకి వచ్చే యంత్రాల్లో ఎన్నింటి గురించి ఈ మాట అనగలం? 2011 జనాభా లెక్కల్లో దేశంలోని ఇళ్లలో దాదాపు 45 శాతం ఇళ్లకు సైకిలు ఉంది. అట్లాస్ సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు, మూతపడింది. అయినా బళ్లు మిగిలి ఉన్నాయి, వాటికి సరిపడే టైర్లు, గుండ్లు, కోన్‌లు ఇంకా దొరుకుతున్నాయి. ఈ రెండూ ఒకేసారి ఉన్న కాలం ఎల్లకాలం ఉండదు.

అయితే బాగుచేయడం ఎక్కడైనా ఒకేలా ఉండదు. నేలను బట్టి, గాలిని బట్టి సైకిలుకు వచ్చే జబ్బు మారుతుంది. మన వికారాబాద్ జిల్లాకు ఒక మేలుంది. సముద్రం దూరం, కాబట్టి ఉప్పుగాలి లేదు. విశాఖలోనో కాకినాడలోనో ఐదేళ్లలో వచ్చే తుప్పు ఇక్కడ రావడానికి ఎంతో ఎక్కువ కాలం పడుతుంది. ఇక్కడి తిప్పలు వేరు. వికారాబాద్ వైపు ఎర్ర నేల. మూసీ పుట్టే అనంతగిరి గుట్టల మీది మట్టికి ఆ ఎరుపు ఇచ్చేది ఇనుప ఆక్సైడే. ఆ మట్టిలో కలిసిన సన్నని పలుగురాతి ఇసుక ఉక్కు కన్నా గట్టిది. నూనె పట్టిన చెయిన్‌లోకి అది చేరితే తిరిగిన కొద్దీ పిన్నులనూ పళ్లనూ అరగదీస్తుంది. తాండూరు వైపు నల్లరేగడి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిని పండించే ఆ నేలే వానాకాలంలో సైకిలు మడ్‌గార్డు లోపల ముద్దలుగా పట్టి, రోజుల తరబడి తడిని వదలదు. అందుకే ఇక్కడి పాత సైకిలును తిరగేసి చూస్తే మడ్‌గార్డు పైన రంగు బాగానే ఉండి, లోపల రేకు జల్లెడ అయి ఉండటం సహజం. పైకి కనిపించే చోట కాదు, ఎవరూ చూడని చోట రంగు ఎక్కువ అవసరమని నేర్పే పాఠం ఆ మడ్‌గార్డే. తాండూరులో ఇంకొకటి కూడా ఉంది, సిమెంటు పొడి. సిమెంటు తడిస్తే గట్టి క్షారమవుతుంది. మామూలు ఎనామిల్ రంగులోని నూనె జిగురును క్షారం మెల్లమెల్లగా తినేస్తుంది. కర్మాగారాల దారిలో తిరిగే బండిని తడి తగలకముందే పొడిబట్టతో దులపడం ఇంకో పూత వేసినంత మేలు చేస్తుంది.

ఇక పని విషయానికి వద్దాం. సైకిల్ షాపువాళ్లు ఓవరాయిలింగు అనే పనే అసలు పునాది. బండిని విప్పేముందు ఫోనుతో నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకోవాలి. ఏ వాషరు ఏ వైపు ఉందో తర్వాత గుర్తుకు రాదు. ముందుగా ఫ్రేమును పరీక్షించాలి. హ్యాండిలు కింది కీళ్ల దగ్గర, ఫోర్కు భుజాల దగ్గర సన్నని పగులు గీత కనిపిస్తే ఆ ఫ్రేము మీద రంగు వేయడం ప్రమాదాన్ని కప్పిపెట్టడమే. ఫోర్కు వెనక్కి వంగి ఉంటే ఎప్పుడో గట్టిగా గుద్దుకుందని అర్థం. విప్పేటప్పుడు రెండు చోట్ల తొందర పనికిరాదు. ఒకటి, ఎడమ పెడల్. దానికి ఎడమ థ్రెడ్డు ఉంటుంది, మామూలుగా విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది. చెయిన్ వైపు బీబీ కప్పుకు, అంటే క్రాంకు ఇరుసు కూర్చునే కప్పుకు, కూడా ఇంతే. రెండు, క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచే కాటర్ పిన్ను. నట్టును పూర్తిగా తీయకుండా పిన్ను అంచుకు సమంగా ఉంచి, క్రాంకు కింద గట్టి ఆధారం పెట్టి, ఒక్క నిండు దెబ్బ కొట్టాలి. ఆధారం లేకుండా పది చిన్న దెబ్బలు కొడితే థ్రెడ్డు చెడుతుంది, ఆ దెబ్బలన్నీ లోపలి బేరింగుకు తగిలి కప్పులో గుంటలు పడతాయి. బిగుసుకుపోయిన నట్లకు ముందురోజు రాత్రి నూనె వేసి వదిలేయడం బలం చూపడం కన్నా మంచి పద్ధతి. అసలు ఇంగ్లండు ర్యాలీ బండి చేతికి వస్తే ఇంకొక జాగ్రత్త. ర్యాలీ అంగుళానికి 26 చుట్ల సొంత థ్రెడ్డు వాడింది, మిగతా చాలా బళ్లకు 24. సరిపోని కప్పును బలవంతంగా ఎక్కిస్తే ఫ్రేమే పాడవుతుంది.

గుండ్లను గ్యాస్ నూనెలో కడిగి వెలుతురులో చూడాలి. ఒక్కదానికి గుంట పడినా మొత్తం మార్చాలి, అవి ఖరీదైనవి కావు. బీబీలోనూ వెనక హబ్బులోనూ పావు అంగుళం గుండ్లు, ముందు హబ్బులో అంతకన్నా చిన్నవి ఉంటాయి. కలిపేయకుండా విడివిడి గిన్నెల్లో ఉంచుకోవాలి. కొత్త గ్రీజు పెట్టి, కోన్‌లు బిగించేటప్పుడు చక్రం ఊగకూడదు, పట్టేయకూడదు. ఆ రెండింటి నడుమ ఉండే సన్నని చోటును వేళ్లు కాసేపట్లో గుర్తుపడతాయి. చక్రం బెండు తీయడం మాత్రం చేయి తిరిగిన పని. అక్కడ మెకానిక్ దగ్గరికి పోవడంలో చిన్నతనం ఏమీ లేదు. ఇంత అయ్యాక బండిని మళ్లీ జోడించి, ఉన్న పాత రంగుతోనే వీధి చివరిదాకా తొక్కి చూడాలి. ఇక్కడే చాలామంది విసుక్కుంటారు, ఎలాగూ మళ్లీ విప్పాల్సిందే కదా అని. కానీ ఫోర్కు వంకర ఉందా, చెయిన్ వరుసలో ఉందా, వెనక చక్రం ఫ్రేముకు రాసుకుంటోందా అన్నది తొక్కితేనే తెలుస్తుంది. కొత్త రంగు వేశాక ఫ్రేమును సరిచేయబోతే ఆ రంగు పగులుతుంది. విప్పిన బండిని రంగు వేయకముందే ఒకసారి జోడించడం వృథా శ్రమ కాదు, వృథాను ఆపే శ్రమ.

ఇప్పుడు జంగు సంగతి. ఇనుము తుప్పుగా మారినప్పుడు అది ఆక్రమించే చోటు రెండు మూడింతలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ అవుతుంది. పైన ఎంత మంచి రంగు ఉన్నా కింద రవ్వంత తుప్పు పెరిగితే రంగును అదే పైకెత్తేస్తుంది. రెడ్ ఆక్సైడ్ కొడితే తుప్పు చచ్చిపోతుందన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. అందులోని ఎర్రపొడి తుప్పును మార్చదు, చంపదు. అది నిలకడైన ఇనుప ఆక్సైడ్, ఒక అడ్డుగోడ మాత్రమే. శుభ్రమైన ఇనుము మీద వేస్తే కాపాడుతుంది, రాలే తుప్పు మీద వేస్తే తుప్పుతో పాటే రాలుతుంది. జింక్ ఫాస్ఫేట్ కలిసిన ప్రైమరు దొరికితే ఇంకా మంచిది. తుప్పు తీయడానికి బాత్రూములు కడిగే యాసిడ్ వాడేవాళ్లున్నారు. ఆ పొగ పక్కనున్న మంచి ఇనుముకు కూడా జంగు పట్టిస్తుంది, ఊపిరికి చెడ్డది. చిన్న భాగాలను నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టి, బ్రష్షుతో తోమి, వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాస్తే చాలు. క్రోమ్ పూత ఉన్న రిమ్ము, హ్యాండిలు మీది చుక్కల జంగుకు ఉండచుట్టిన అల్యూమినియం కాగితం, నీళ్లు సరిపోతాయి.

ఫ్రేము రుద్దేముందు ఒక హెచ్చరిక తప్పదు. ఇంట్లో వాడే రంగుల్లో సీసం పదిలక్షల్లో 90 పాళ్లకు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. అంతకు ముందటి పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. పొడిగా రుద్దితే ఆ ధూళి ఇంట్లోకి పోతుంది. పిల్లల మెదడుకు సీసం చేసే చేటు తిరిగి బాగుపడేది కాదు. కాబట్టి నీటితో తడుపుతూ రుద్దాలి, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి, పిల్లలను దూరంగా ఉంచాలి, రాలిన ముద్దను కాగితంలో పోగుచేసి పారేయాలి తప్ప పెరట్లో కడిగేయకూడదు. తడి రుద్దుడు తాండూరు వాళ్లకు కొత్తగా చెప్పాల్సిన విద్య కాదు. అక్కడి పాలిషింగ్ యూనిట్లలో బండలను నీళ్లు పోస్తూ ముందు గరుకు రాయితో, తర్వాత అంతకన్నా నున్నని దానితో మెట్టు మెట్టుగా రుద్దినట్టే ఇనుమునూ రుద్దాలి. 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి, 120, 220 దాటి 400 దగ్గర ఆపాలి. మధ్యలో ఒక మెట్టు దాటేస్తే ముందటి గీతలు రంగు కింద నుంచి కనిపిస్తూనే ఉంటాయి. బండ అయినా, గొట్టం అయినా మెరుపు వచ్చేది చివరి రుద్దుడు వల్ల కాదు, వరుసగా చేసిన అన్ని రుద్దుళ్ల వల్ల.

రంగు వేసే కాలం కూడా ముఖ్యమే. వానాకాలంలో గాలిలోని తడి రంగును మసకబరుస్తుంది. నడి వేసవిలో థిన్నర్ గాలిలోనే ఎగిరిపోయి రంగు పరుచుకోకముందే ఆరిపోతుంది, పైగా దుమ్ము. దీపావళి దాటాక సంక్రాంతి వరకు పొద్దెక్కి మంచు విడిచిన వేళ ఇక్కడ అన్నిటికన్నా మంచి అదను. నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణచి, ఫ్రేమును తాడుతో వేలాడదీసి, రెండు పలుచని ప్రైమరు పూతలు, వాటిపైన రెండు మూడు పలుచని రంగు పూతలు వేయాలి. ఒక్క మందపు పూత కారుతుంది, లోపల ఆరదు. థ్రెడ్డులు ఉన్న చోట్ల, సీటు గొట్టం లోపల, బేరింగు కప్పుల దగ్గర రంగు చేరకుండా టేపు చుట్టాలి. గొట్టాల లోపలికి కాస్త అవిసె నూనె పోసి తిప్పి వంపేయడం మరిచిపోకూడదు. సీటు తీసి వానలో వదిలేసిన ఫ్రేము లోపలి నుంచే తినబడుతుంది. బీబీ అడుగునో సీటు కింది కీలు మీదో కొట్టిన నంబరును మాత్రం అరగదీయకూడదు, లప్పంతో పూడ్చకూడదు. ఆ బండి ఎవరిదో చెప్పే ఆనవాలు అది. పాత ఇనుప సామాను దుకాణంలో కొన్న సైకిలైతే రసీదు కూడా దాచుకోవాలి.

ఇక్కడ పాత వస్తువులను ప్రేమించేవాళ్ల అభ్యంతరం వినాలి. అసలు రంగు ఒక్కసారే ఉంటుంది, అది పోతే మళ్లీ రాదు, కాబట్టి ముట్టుకోవద్దంటారు వాళ్లు. వాళ్ల మాటలో నిజం ఉంది. ఫ్యాక్టరీలో కొలిమి వేడిలో కాల్చిన ఎనామిల్ పూత ఇంట్లో వేసే ఏ పూత కన్నా గట్టిది. నల్ల ఫ్రేము మీద చేత్తో గీసిన సన్నని బంగారు గీత, హ్యాండిలు కింది పేరుపలక, వెనక మడ్‌గార్డు చివర రాత్రి కనిపించేందుకు వేసిన తెల్ల పట్టీ, ఇవి చెరిపేస్తే బండి చరిత్రను చెరిపినట్టే. సగానికి పైగా రంగు గట్టిగా పట్టి ఉంటే దాన్ని సబ్బునీళ్లతో కడిగి, తుప్పు ఉన్న చోటే రుద్ది, అక్కడే ప్రైమరూ రంగూ దిద్ది, పైన మైనం పట్టిస్తే చాలని నేను గట్టిగా నమ్ముతాను. కానీ రంగు పూర్తిగా పోయి ఇనుము బయటపడిన బండిని కూడా అలాగే ఉంచాలనడం సరికాదు. ఇనుము తుప్పై రాలిపోతుంటే కాపాడాల్సింది ఏదీ మిగలదు. రంగు ఇనుము కోసం అనుకుంటే ఎక్కడ ఆగాలో ఎక్కడ వేయాలో ఆ ఒక్క కొలతతోనే తేలిపోతుంది.

రంగు పూర్తిగా పోయిన బండి మీద సొంత రుచి చూపించే హక్కు యజమానికి ఉంది. సైకిలును సొంతంగా అలంకరించుకోవడం ఇప్పుడు పై దేశాల నుంచి వచ్చిన సరదా అనుకునేవాళ్లు మన సైకిళ్లను సరిగా చూడలేదు. సైకిల్ టాక్సీ దుకాణాలు గంట లెక్కన కిరాయికి ఇచ్చే బళ్ల మడ్‌గార్డు మీద దుకాణం పేరు, వరుస నంబరు అందంగా రాయించేవి. చెయిన్ కవరు మీద యజమాని పేరు, ఫ్రేము గొట్టానికి చుట్టిన రంగు ప్లాస్టిక్ టేపు, హబ్బుకు తొడిగి చక్రంతో పాటు తిరిగే రంగు కుచ్చుల బ్రష్షులు, పుల్లల మధ్య గుచ్చిన పూసలు, ఇదంతా మన అలంకారమే. లారీల మీద, దుకాణం బోర్డుల మీద అక్షరాలు రాసే చేతులు ఇంకా మన ఊళ్లలో ఉన్నాయి. ఫ్లెక్సీ వచ్చాక వాళ్లకు పని తగ్గింది. ఫ్రేముకు రంగు మీరే వేసుకుని, మడ్‌గార్డు మీద పేరు వాళ్లతో రాయించండి. చెరియాల నకాశీ బొమ్మల ఎర్ర నేపథ్యం, ముగ్గు చుక్కలు, కంది పూవు పసుపు, ఏదైనా తీసుకోండి. గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒక్కటే: రెండు రంగులకు మించకపోతే చేతి పని చక్కగా కుదురుతుంది. తెల్ల పట్టీని మాత్రం మళ్లీ వేయాలి, పక్కన ఎర్ర రిఫ్లెక్టరు బిగించాలి. రాత్రిపూట లారీలు తిరిగే తాండూరు దారుల్లో నల్ల సైకిలు మీద నల్ల మడ్‌గార్డు ప్రాణం మీదికి తెస్తుంది.

ఇంత శ్రమ ఎందుకు, కొత్త సైకిలే కొనుక్కోవచ్చు కదా అన్నది అందరూ అడిగేదే. టైర్లు, ట్యూబులు, చెయిన్, గుండ్లు, ప్రైమరు, రంగు అన్నీ లెక్కేస్తే ఖర్చు తేలికగా ఏమీ ఉండదు, శ్రమకు విలువ కడితే ఇంకా పెరుగుతుంది. పొదుపు పేరుతో ఈ పనిని సమర్థించడం నాకు ఇష్టం లేదు. అయితే పోల్చాల్సింది దేనితో? దుకాణంలో తక్కువ ధరకు వచ్చే రంగుల సైకిలుతో పోలిస్తే పాత ఫ్రేము గొట్టం మందం వేరు, మోసే బరువు వేరు. పాల క్యాన్లు, ధాన్యం బస్తాలు మోయడానికి కట్టిన బండి అది. కిలోల లెక్కన ఇనుముగా అమ్మితే వచ్చే సొమ్ముతో ఒక టైరు కొనడమే కష్టం. ఇంకొకరు పౌడర్ కోటింగు చేయిస్తే పని సులువు కదా అంటారు. దాదాపు 200 డిగ్రీల వేడిలో కాల్చే ఆ పూత గట్టిదే, ఇత్తడి అతుకులకు ఆ వేడి ఏమీ చేయదు. హైదరాబాద్ పారిశ్రామిక వాడలదాకా మోసుకెళ్లగలిగితే తప్పు లేదు. కానీ మందపు పూత కీళ్ల అంచుల చెక్కడాన్ని మింగేస్తుంది, రేపు ఒక చోట గీరుకుంటే ఇంట్లో దిద్దుకోవడం కుదరదు. ఎనామిల్ రంగు మెత్తనిది. నిజమే. కానీ చిన్న డబ్బా, సన్న బ్రష్షు ఉంటే గీత పడ్డ రోజే కప్పేయవచ్చు. ఏడాదికొకసారి దిద్దుకునే రంగు, ఒక్కసారి వేసి మరిచిపోయే రంగు కన్నా ఎక్కువ కాలం ఇనుమును కాపాడుతుంది.

నన్ను నిజంగా ఆలోచింపజేసే అభ్యంతరం ఇంకొకటి, బ్రేకులది. క్రోమ్ రిమ్ము మీద రాడ్ బ్రేకు తడిస్తే పట్టు బాగా తగ్గిపోతుంది. తాండూరు చుట్టూ సమతలంలో దీనితో నెట్టుకురావచ్చు. అనంతగిరి ఘాటు దిగేటప్పుడు, అదీ వానలో, ఇరవై కిలోల బండి మీద ఇది చిన్న విషయం కాదు. హైదరాబాద్ నుంచి ఆదివారాలు గేర్ల సైకిళ్ల మీద ఆ గుట్టలకు వచ్చేవాళ్లను చూసి పాత బండితో పోటీకి దిగడం తెలివి కాదు. దీనికి జవాబు బండిని మూల పడేయడం కాదు, దాని హద్దు తెలుసుకోవడం. బ్రేకు కట్టెలు కొత్తవి వేసి, రాడ్ల కీళ్లలో నూనె వేసి, కట్టె రిమ్ముకు సమంగా తగిలేలా సర్దాలి. వానలో దిగువకు నడిపించుకుంటూ పోవాలి. ఎక్కుడు కోసం చిన్న మార్పు ఉంది. ముందు 48 పళ్లు, వెనక 18 పళ్ల ఫ్రీవీలు ఉన్న బండి పెడల్ ఒక చుట్టు తిరిగితే దాదాపు 5.9 మీటర్లు ముందుకు పోతుంది. వెనక 22 పళ్ల ఫ్రీవీలు వేస్తే 4.8 మీటర్లే పోతుంది, కానీ తొక్కు తేలికవుతుంది. వికారాబాద్ ఎత్తుపల్లాలకు ఈ మార్పు మంచిది, తాండూరుకు అక్కర్లేదు. ఇక ఎనామిల్ పైకి ఒక రోజులో ఆరినట్టు కనిపించినా లోపల గట్టిపడటానికి వారాలు పడుతుంది. అందాకా క్యారేజీ మీద బరువు కట్టకండి, ఫ్రేముకు తాడు చుట్టకండి. కాటర్ పిన్నులు మొదటి కొద్ది రోజుల తొక్కుడుకు కాస్త వదులవుతాయి. అప్పుడు ఒకసారి సుత్తితో కూర్చోబెట్టి, నట్టు మళ్లీ బిగించాలి.